ముప్పైకి బదులు ముప్పై ఒకటి

చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసే హాలంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. తలుపు తీయగానే తోలు వాసన ముక్కుకు తగులుతుంది. నెల రోజులు అక్కడ పనిచేస్తే ఆ వాసన ఇంట్లో దిండుకు కూడా పట్టేస్తుంది. హాలు మధ్యలో కటింగ్ మిషన్, దాని పక్కన అద్దాల గదిలో ఆ మిషన్‌ను నడిపే ఒక పాత కంప్యూటర్, కంప్యూటర్ ముందు ఒక మనిషి. ఆ మనిషి సంగతే చెప్పబోతున్నాను. అతన్ని మంచివాడని పొగడ్డానికి నాకు నోరు రాదు. పోనీ దుర్మార్గుడందామంటే అంత పెద్ద మాటకు సరిపడే సరుకూ అతనిలో లేదు. ఒక చిన్న అంకెను తొమ్మిదేళ్ళపాటు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు, అంతే.

హాల్లో అందరూ అతన్ని గుడ్లగూబ అంటారు. ఆ పేరు పెట్టింది మధ్యాహ్నం షిఫ్టు మేస్త్రమ్మ.

అతను పనిలో చేరిన రెండో వారం జరిగింది అది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారింది. పొద్దుటి వాళ్ళు రూలు ప్రకారం మెయిన్ ఆపి, మిషన్ బ్లేడు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వాళ్ళు తాళంచెవి తీసుకుని మెయిన్ వేశారు. కంప్యూటర్ రెండు నిమిషాల్లో లేవాలి. ఆ రోజు లేవలేదు. నల్లటి తెర మీద, డిస్కును తనిఖీ చేస్తున్నట్టు ఒక వరుస కనిపించింది. దాని చివర ఒక శాతం అంకె. ఒకటి అని ఉంది. ఎంతోసేపటికి రెండయింది. ఏం ముట్టుకుంటే ఏం పోతుందో తెలియక అతను కళ్ళు ఇంతింత చేసుకుని తెరకేసి చూస్తూ నిలబడ్డాడు. అతని వెనక నలభై మంది ఆడవాళ్ళు, చేతిలో పని లేకుండా. అలా గంట గడిచింది.

మేస్త్రమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. హాలంతా వినిపించేలా, "ఏవయ్యా గుడ్లగూబా, కనీసం రెప్పైనా వెయ్యవయ్యా! నువ్వట్లా చూస్తుంటే అది భయపడి లేవట్లేదేమో!" అంది. నలభై మందీ గొల్లుమన్నారు.

నవ్వితే నవ్వారులే అని అతను సర్దుకునేవాడే. కానీ ఆ నవ్వుల్లో ఒకటి అతనికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన నవ్వు. అతని అక్కది. అక్క ఆ షిఫ్టులోనే తోలు పరిచే పని చేసేది. అతనికి ఆ ఉద్యోగం వచ్చిందే అక్క వల్ల. మేనేజరు గది బయట నాలుగు రోజులు నిలబడి, "మా తమ్ముడు కంప్యూటర్ నేర్చుకున్నాడు సార్, బుద్ధిమంతుడు" అని బతిమాలి ఇప్పించింది. ఆ రోజు పదిమందితోపాటు నవ్వింది, సాయంత్రానికి మరిచిపోయింది. అతను మాత్రం మరిచిపోలేదు. ఇంటికెళ్ళి భార్య మీద అన్నం బాగోలేదని అరిచాడు. ఆ అరుపులోని అసలు సంగతి ఆ ఇల్లాలికి ఇప్పటికీ తెలియదు.

తర్వాత అతను నేర్చుకున్నాడు. ఆ ముక్క ఒప్పుకోవాలి, నేర్చుకున్నాడు. కంప్యూటర్ పెట్టిన కంపెనీ మనిషి ఒకాయన పోతూ పోతూ ఒక కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించి పోయాడు. అది లినక్స్ మీద నడిచే కంప్యూటర్. డిస్క్ తనకు తానే ఒక లెక్క పెట్టుకుంటుంది. మెయిన్ వేసి లేపిన ప్రతిసారీ ఆ లెక్కలో ఒకటి కలుస్తుంది. ముప్పై నిండాక వచ్చే స్టార్టులో డిస్క్ పని మొదలుపెట్టకుండా ఒళ్ళంతా తడుముకుని చూసుకుంటుంది. ఇల్లాలు నెలకోసారి అటక మీది సామానంతా దించి చూసుకున్నట్టు. చూసుకోవడం అయ్యాక లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆ పాత డిస్కుకు ఆ పనికి దాదాపు గంట పట్టేది.

కాగితంలో రెండు కమాండ్లు ఉన్నాయి. రెండూ ట్యూన్ టు ఎఫ్ఎస్ అనే మాటతోనే మొదలవుతాయి. పక్కన చిన్న సి పెట్టి అంకె వేస్తే, ఎన్ని స్టార్టులకు ఒకసారి తనిఖీ జరగాలో మారుతుంది. పెద్ద సి పెట్టి అంకె వేస్తే, ఇప్పటిదాకా నడిచిన లెక్కే మారుతుంది. చిన్న సి పక్కన సున్నా వేస్తే అసలు తనిఖీయే ఉండదని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టి, అలా చెయ్యొద్దని రాశాడా పెద్దమనిషి. ఏదో ఒకనాడు డిస్కులో ఉన్న చెప్పుల అచ్చులు చెప్పాపెట్టకుండా చెడిపోతాయట.

ఒక మధ్యాహ్నం కాగితం ముందు పెట్టుకుని లెక్క వేసుకుంటుంటే అతనికి విషయం తట్టింది. రోజుకు రెండు స్టార్టులు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ముప్పై సరిసంఖ్య. కాబట్టి ఒక తనిఖీ మధ్యాహ్నం పడిందంటే ఇక జన్మజన్మలకూ మధ్యాహ్నమే పడుతుంది. పదిహేను పని రోజులకోసారి, ఆ షిఫ్టు నెత్తినే. ముప్పైని ముప్పై ఒకటి చేస్తే చాలు, ఒకసారి వీళ్ళకు, ఒకసారి వాళ్ళకు. అర నిమిషం పని. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బీరువా తలుపుకు మళ్ళీ అంటించలేదు.

ఆ రోజు నుంచి అతనికి ఉద్యోగం మీద ప్రేమ పుట్టింది. పదిహేను రోజులకోసారి మేస్త్రమ్మ ముఖం మాడ్చుకుని అద్దం అవతల పచార్లు చేస్తుంటే, అతను కుర్చీలో వెనక్కి వాలి శాతం అంకెను చూసేవాడు. పోయిన గంటను రాబట్టుకోవడానికి మేస్త్రమ్మ ఆ రోజు టీ విరామం తీసేసేది. బాత్రూముకు వెళ్ళినవాళ్ళను గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కడే కాపురం పెడతావా?" అని అరిచేది. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది అక్కే. ఆమె మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. విరామంలో పది నిమిషాలు కూర్చుంటేనే మళ్ళీ నిలబడగలదు. తనిఖీ రోజున ఇంటికి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని నడిచేదని ఆమె తోటివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట అతని చెవిన కూడా పడింది. పడి ఏం లాభం?

పొద్దుటి షిఫ్టు వాళ్ళు మధ్యాహ్నం వాళ్ళను ఏడిపించేవాళ్ళు. "మా చేతిలో గుర్రంలా పరిగెడుతుంది, మీ ముఖాలు చూడగానే పడుకుంటుంది" అని. పాపం మధ్యాహ్నం వాళ్ళు అది నిజమేనని నమ్మడం మొదలుపెట్టారు. ఎవరి అడుగు మంచిది కాదో, ముందు ఎవరు లోపలికి రావాలో వాళ్ళలో వాళ్ళే తగవులాడుకున్నారు. ఒకసారి ఎక్కడో తీగ కాలి మెయిన్ పడిపోయి మళ్ళీ లేచింది. దాంతో లెక్క ఒకటి పెరిగి, తనిఖీ పొద్దుటి షిఫ్టు వైపు జరగబోయింది. మరునాడు మన గుడ్లగూబ పెద్ద సి పెట్టి ఒకటి తగ్గించి, ఎక్కడిదాన్ని అక్కడ పెట్టేశాడు. ఆ తొమ్మిదేళ్ళలో అలా మూడు నాలుగుసార్లు చేశాడు. దాన్ని ఇంట్లో గడియారం సరిచేసుకున్నంత మామూలు పని అనుకునేవాడు.

ఇలా ఉండగా ఒక రోజు మేనేజరు రెండు షిఫ్టులనూ ఒకచోట నిలబెట్టి కాగితం చదివాడు. ఆర్డర్లు తగ్గాయి. ఇక ఒక్క షిఫ్టే ఉంటుంది. వచ్చే మూడు నెలల్లో ఎవరు ఎక్కువ జతలు కోస్తే వాళ్ళు ఉంటారు, తక్కువ కోసినవాళ్ళు ఇంటికి.

"మరి మిషన్ మా టైములో ఆగిపోతుంది కద సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మిషన్ ఇద్దరికీ ఒకటే కదమ్మా. మీ దగ్గర ఆగితే నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు మేనేజరు, కాగితం మడుస్తూ.

ఆ ఆదివారం పొద్దున్నే అక్క అతని ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే మెట్లెక్కలేనని కింది మెట్టు మీదే కూర్చుని మోకాలు నొక్కుకుంది. అక్కకు యాభై మూడేళ్ళు. బావకు పక్షవాతం వచ్చి మంచం పట్టి నాలుగేళ్ళయింది. పొద్దున్నే లేచి ఆయన ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, ముద్దలు కలిపి పెట్టి, పక్కింటావిడను కూర్చోబెట్టి రెండింటికి పనిలోకి వస్తుంది. ఈ పని పోతే ఆ వయసులో, ఆ మోకాళ్ళతో ఆమెను ఇంకెవరూ పెట్టుకోరు. అది ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు.

"ఏరా, ఆ దిక్కుమాలిన మిషన్ ఎప్పుడూ మా షిఫ్టులోనే ఎందుకు ఆగుతుందిరా?" అని అడిగింది.

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అతనికి గొంతుదాకా వచ్చింది కూడా. కానీ అక్క అలా అడుగుతుంటే, తనను ఒకరు అడగడం, తాను ఒకరికి చెప్పడం, ఆ గొప్ప అతనికి బాగుంది. "అది నీకు అర్థం కాదులే అక్కా. ముప్పైసార్లు లేస్తే ఒకసారి తనిఖీ చేసుకుంటుంది. అది దాని పద్ధతి. మన చేతిలో ఏం లేదు" అన్నాడు.

"ముప్పైసార్లకా?" అంది అక్క.

"అవును, ముప్పైసార్లకి."

"అంతేలే. నీకే తెలియనిది ఇంకెవరికి తెలుస్తుంది!" అంది. ఆమెకు తమ్ముడంటే అంత నమ్మకం. నాకైతే ఆ మాట తలుచుకుంటే కడుపు మండిపోతుంది. అతనికి మాత్రం ఆ పూట అన్నం బాగానే సహించింది.

అలాగని అక్క గురించి అతనికి బొత్తిగా పట్టదా అంటే, పట్టింది. మేస్త్రమ్మ మునగాలి, అక్క తేలాలి. అదీ అతని కోరిక. పొద్దుటి షిఫ్టు మేస్త్రిని పట్టుకుని, అక్కను తన షిఫ్టులోకి తీసుకోమని అడిగాడు. ఆయన మంచి మనిషి, సరేనన్నాడు. పొద్దుటి వాళ్ళలో ఒకామె అటు మారడానికి ఒప్పుకుంది కూడా. అక్కే ఒప్పుకోలేదు.

"పొద్దున నేనొస్తే మీ బావకు ముద్ద పెట్టేదెవరురా? పక్కింటావిడ పొద్దున వేరే పనికి పోతుంది. అయినా ఇన్నేళ్ళు కలిసి చేసినవాళ్ళను వదిలేసి నేనొక్కదాన్నే గట్టెక్కితే రేపు వాళ్ళ ముఖం ఎట్లా చూస్తాను?" అంది.

"నీ ఖర్మ" అన్నాడు తమ్ముడు. అక్క మీద కోపం తెచ్చుకోవడానికి ఒక కారణం దొరికినందుకు అతనికి కాస్త తేలికగానే అనిపించింది.

మూడు నెలల్లో అయిదు తనిఖీలు పడతాయి. రెండు పడిపోయాక, ఒక మధ్యాహ్నం మేస్త్రమ్మ అద్దాల గది తలుపు తట్టింది. తొమ్మిదేళ్ళలో ఆమె ఆ తలుపు తట్టడం అదే మొదలు. అంతకు ముందెప్పుడూ తోసుకుని రావడమే.

"ఏవండీ, ఒక్క నిమిషం" అంది. ఆ 'అండీ' విని అతనికి ఒళ్ళు పులకరించింది. తల తిప్పకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ తనిఖీ ఏదో ఉందటగా. అది ఒకసారి వాళ్ళకు, ఒకసారి మాకు పడేట్టు మార్చలేరా? మీకు తెలియని విద్యా అది?"

"అది తీసేస్తే డిస్క్ పోతుందండీ. అచ్చులు చెడిపోతాయి. ఎనిమిదో నంబరు చెప్పుకు ఆరో నంబరు ముక్క కోస్తుంది. అప్పుడు రెండు షిఫ్టులూ ఇంటికే."

"తీసెయ్యమని అనట్లేదండీ. మార్చమంటున్నాను."

"కుదరదు" అన్నాడు.

నలభై మందిని గడగడలాడించే మనిషి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "సరేనండీ" అని తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

అక్కడితో ఆపినా బాగుండేది. కానీ అతను మనసులో ఒక నిర్ణయానికి వచ్చాడు. మేస్త్రమ్మ ఇంకొక్కసారి అడగాలి. ఈసారి గదిలో కాకుండా, హాల్లో, అందరి ముందూ అడగాలి. అడిగిన మరుక్షణం ముప్పై ఒకటి వేసేస్తాడు. అక్క ఉద్యోగం నిలబడుతుంది, తన పరువూ నిలబడుతుంది. మూడో తనిఖీ పడింది. మేస్త్రమ్మ అడగలేదు. నాలుగోది పడింది. అడగలేదు. ఆమెకు తెలుసా ఇతను హాలు మధ్యలో ఒక వేడుక ఊహించుకుని కూర్చున్నాడని? కుదరదన్నాడు, కుదరదు కాబోలనుకుంది, తన వాళ్ళను ఇంకాస్త బిగించింది. టీ విరామం రోజూ ఎత్తేసింది. ఒకామె నిలబడ్డచోటే కళ్ళు తిరిగి పడితే, ముఖాన నీళ్ళు చల్లి మళ్ళీ నిలబెట్టింది. అక్క మోకాలికి గుడ్డ కట్టుకుని పని చేసింది. అలా చచ్చీచెడీ, ఆఖరి పది రోజులు మిగిలేసరికి పొద్దుటి వాళ్ళ కంటే ముప్పై జతలు ముందుకొచ్చారు. ఒక్కో తనిఖీకి తొంభై జతలు పోతాయి. ఇంకొకటి మిగిలి ఉంది.

అప్పుడొక రోజు పొద్దున అతను పదింటికి వచ్చి, అలవాటు కొద్దీ లెక్క ఎంతయిందో చూశాడు. ఇరవై రెండు ఉండాలి. ఇరవై మూడు ఉంది.

మళ్ళీ చూశాడు. ఇరవై మూడే. పాత రికార్డు తిరగేస్తే, ముందు రోజు సాయంత్రం ఏడుంపావుకు మెయిన్ పడిపోయి, రెండు నిమిషాల్లో మళ్ళీ లేచినట్టు ఉంది. అతను ఆరింటికే ఇంటికి పోతాడు కాబట్టి అతనికి తెలియలేదు. ఒకటి పెరిగింది. అంటే నాలుగు రోజుల తర్వాత పడబోయే ఆఖరి తనిఖీ పొద్దుటి షిఫ్టు మీద పడుతుంది.

మేస్త్రమ్మ ఆ రోజు ఏదో సరుకు చూసుకోవడానికి ఒంటిగంటకే వచ్చింది. అతను బయటికి వెళ్ళి, "నిన్న మెయిన్ ఎందుకు పడింది?" అని అడిగాడు.

"ఏమోనండీ, నేను స్టోరులో ఉన్నాను. వెంటనే వచ్చేసిందటగా" అని ఆమె తన పని చూసుకుంది.

ఆమె కళ్ళలో అతనికి ఏదో కనిపించింది. నిజానికి అక్కడ ఏమీ లేదు, నిద్ర చాలని ఎర్రదనం తప్ప. కానీ చూడాలనుకున్నవాడికి కనిపించకుండా ఉంటుందా? కనిపెట్టేసిందన్నమాట, అనుకున్నాడు. నన్ను అడగకుండా, నా గుమ్మం తొక్కకుండా, నా కంప్యూటర్‌తో నా మీదే ఆడుతోందన్నమాట.

గదిలోకి వచ్చి కూర్చున్నాడు. అక్క గుర్తు రాలేదని అనను. వచ్చింది. చేతులు కట్టుకుని ఊరికే కూర్చుంటే చాలు, అక్క ఒడ్డున పడుతుంది. ఏ కష్టమూ లేదు, ఏ అబద్ధమూ ఆడక్కర్లేదు, ఒక్క మీట నొక్కక్కర్లేదు. ఊరికే ఉండటమే అతను చెయ్యగలిగిన మంచి పని. రెండింటికి పావుగంట తక్కువలో, ట్యూన్ టు ఎఫ్ఎస్ అని కొట్టి, పెద్ద సి పెట్టి, ఇరవై రెండు వేశాడు. అక్క సంగతి మేనేజరుతో తర్వాత మాట్లాడదాంలే అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మాట మాట్లాడే ధైర్యం తనకు లేదని అప్పటికే అతనికి తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి మెయిన్ వేశారు. నల్లటి తెర మీద వరుస కనిపించింది. పక్కన ఒకటి.

మేస్త్రమ్మ ఒక తోలు కట్ట మీద కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. మిగతావాళ్ళు నిలబడి ఉన్నారు. అక్క ఒక్కతే అద్దం దగ్గరిదాకా వచ్చింది. తెరను చూసింది, వెనక్కి తిరిగి గోడ మీది క్యాలెండర్ను చూసింది, మళ్ళీ తెరను చూసింది. పెదాలు కదుపుతూ వేళ్ళు మడుచుకుంటోంది. మోకాలి నొప్పి ఓర్చుకోలేక ఏదో గొణుక్కుంటోందనుకున్నాడు తమ్ముడు. చూపు తిప్పేసుకున్నాడు.

మూడు నెలలు ముగిసేసరికి మధ్యాహ్నం షిఫ్టు యాభై ఎనిమిది జతలు వెనకబడింది. మేనేజరు నలభై పేర్లు చదివాడు. అక్క పేరు పదకొండోది. మేస్త్రమ్మ పేరు అందులో లేదు. పొద్దుటి మేస్త్రి గుండె జబ్బు వల్ల ఆ నెలలోనే పని మానేస్తున్నాడట. అన్ని తనిఖీలు పడ్డా పొద్దుటి వాళ్ళతో సమానంగా కోయించిన మనిషని మెచ్చుకుని, మేనేజరు ఆమెకు ఆయన చోటు ఇచ్చాడు. తొమ్మిదేళ్ళు గురి పెట్టి పెట్టి కొట్టిన దెబ్బ ఆమెకు గోరంత కూడా తగల్లేదు. చుట్టూ ఉన్న నలభై మందీ పడ్డారు.

అతను మూడు రోజులు అక్క ఇంటి వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు భార్య పోరు పడలేక వెళ్ళాడు. అక్క బావకు పక్క గుడ్డ మారుస్తోంది. "సమయానికొచ్చావురా. ఆ భుజాలు పట్టుకుని కాస్త ఇటు తిప్పు" అంది. అతను బావను రెండు చంకల కింద పట్టుకుని పక్కకు తిప్పాడు. బావ ఒళ్ళు నీళ్ళు నింపిన తిత్తిలా బరువుగా ఉంది. కళ్ళు మాత్రం తెరుచుకుని బామ్మరిదినే చూస్తున్నాయి.

అక్క కింది గుడ్డ లాగుతూ, "నిన్నొకటి అడగాలిరా. తిట్టకూడదు" అంది.

"ఏంటక్కా?"

"ఆ రోజు సాయంత్రం మెయిన్ ఆపి వేసింది నేనే."

అతని చేతులు బావ చంకల కింద అలాగే ఉండిపోయాయి.

"నువ్వే చెప్పావుగా, ముప్పైసార్లు లేస్తే ఒకసారి ఆగుతుందని. రాత్రిళ్ళు నిద్ర పట్టక లెక్కేసుకున్నాను. రోజుకు రెండుసార్లాయె, ముప్పైయేమో సరిగ్గా రెండు భాగాలవుతుంది. అందుకే ఎప్పుడూ మాకే వస్తోందని తెలిసింది. ఒక్కసారి ఎక్కువ లేపితే వాళ్ళ మీదికి పోతుందనుకున్నాను. టీ విరామం తీసేశారుగా, బాత్రూముకని చెప్పి వెళ్ళి, ఆపి వేసి వచ్చేశాను. మేస్త్రమ్మకు కూడా చెప్పలేదు. ఎవరికైనా తెలిస్తే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందని భయం." ఆమె గుడ్డ పక్కన పడేసి నడుం నిమురుకుంది. "నాలుగుసార్లు లెక్కపెట్టానురా. వాళ్ళకే పడాలి. మరి మాకెందుకు పడింది? ఎక్కడ తప్పాను?"

బావ కళ్ళు అతని మీదే ఉన్నాయి. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పాలంటే రెండే మాటలు.

"నువ్వు ఒకటి ఎక్కువ లెక్కపెట్టావక్కా" అన్నాడు. "ముందటి వారం ఒక రాత్రి మెయిన్ ఆపడం మరిచిపోయారు. పొద్దున కొత్తగా లేపలేదు, లెక్కలో ఒకటి కలవలేదు. అది నీకు తెలియదు."

అక్క మళ్ళీ వేళ్ళు మడుచుకుంది. "అంటే... అప్పటికే అది వాళ్ళ వైపుకు పోయిందా?"

"ఆఁ."

"నేను ముట్టుకోకుండా ఉంటే వాళ్ళకే పడేదా?"

ఆ అబద్ధం అక్కడిదాకా పోతుందని అతను ముందు ఊహించలేదు. ఇప్పుడు వెనక్కి లాక్కోవడానికి దారి లేదు. "ఆఁ" అన్నాడు మళ్ళీ.

అక్క మంచం పట్టెమీద మెల్లగా కూర్చుంది. తన చేతులకేసి చూసుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా, "విన్నావా? నేనే చేశానట. నలభై మంది నోటి దగ్గర కూడు నా ఈ చేత్తోనే తీసేశానట" అంది. ఆ చేత్తోనే చెంపలు టపటపా వాయించుకోవడం మొదలుపెట్టింది.

తమ్ముడు వద్దక్కా అనలేదు. వంగి ఆ చెయ్యి పట్టుకోలేదు. బావ పడిపోతాడన్నట్టు, ఆయన భుజాలు ఇంకాస్త గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.